మూత తీసే ముందు

ఆ మందుల పరిశోధనశాలలో కొలతల గది రెండో అంతస్తు చివర ఉండేది. అందులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఆవిణ్ణి అందరూ కొలతలమ్మ అనేవాళ్ళు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. ఆవిడకీ ఆ పిలుపు మీద కోపం లేదు. తమ్ముడి ఇంట్లో మాత్రం మరదలు ఆ మాట పట్టుకుని ఆటపట్టించేది. మా వదిన పాలు కాచినా పొంగే ముందు ఎన్ని డిగ్రీలో రాసుకుంటుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

ఆవిడ కొలిచేది కదలికని. కొన్ని మందులు పుట్టుకతో స్ఫటికాలు. వాటి అణువులు బారులు తీరి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. అలా కూర్చున్న మందు నీళ్ళలో సరిగ్గా కరగదు. కడుపులోకి ఇసుకలా వెళ్ళి ఇసుకలాగే బయటికొస్తుంది. అందుకని దాన్ని ద్రావకంలో కలిపి వేడిగాలిలోకి చిమ్మి, బారులు తీరే వ్యవధి ఇవ్వకుండా ఒక్కసారిగా ఆరబెడతారు. అప్పుడు అణువులు తోపులాటలో చిక్కుకున్న జనంలాగా ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అది ఒక రకం గాజు. చూడ్డానికి నిశ్చలంగానే ఉంటుంది గానీ లోపల కదలిక ఆగదు. వేడిగా ఉన్నప్పుడు ఒక అణువు రెప్పపాటులో పక్కకి తిరుగుతుంది. చల్లబడేకొద్దీ అదే తిరుగుడుకి గంట పడుతుంది, రోజు పడుతుంది, ఏడాది పడుతుంది. బాగా చల్లగా, బాగా పొడిగా ఉంటే మనిషి ఆయుష్షు చాలదు. తిరగగలిగిన అణువు మాత్రం ఏదో ఒకనాటికి తన బారు వెతుక్కుంటుంది. నాణేలంత రెండు లోహపు బిళ్ళల మధ్య చిటికెడు మందు పెట్టి, సన్నగా కరెంటు పంపి, అణువులు ఎంత మెల్లగా తిరుగుతున్నాయో కనిపెట్టాలి. దాన్నిబట్టి ఈ మందు గాజుగా ఎన్నాళ్ళుంటుందో రాసివ్వాలి. అదీ ఆవిడ ఉద్యోగం.

తమ్ముడు కుర్చీలకీ సోఫాలకీ కారు సీట్లకీ తొడుగులు కుట్టేవాడు. ఇంటి ముందు గదే దుకాణం. యాభై దాటాక ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పట్టుకుంది. వంకర సూది పట్టుకుని నాలుగు కుట్లు వేస్తే ఐదో కుట్టుకి ఆయాసం. అలాంటప్పుడు, పెద్దాసుపత్రిలో ఒక కొత్త మందు ప్రయోగానికి మనుషుల్ని తీసుకుంటున్నారంటే మరదలే తీసుకెళ్ళి చేర్పించింది. మందు పడింది. ఆరు వారాల్లో అతను మేడ మెట్లెక్కి నీళ్ళ తొట్టి కడిగి దిగాడు. సీసా మీద ఉన్న అంకెలు చూసి అక్క ఆశ్చర్యపోయింది. తను ఏడాదిన్నరగా కొలుస్తున్న పొడి అదే.

ఏడాది తిరిగాక కంపెనీ ఆ మందు మానుకుంది. నిలవ ఉంచడం కష్టమనీ, జబ్బు ఉన్నవాళ్ళు తక్కువమందనీ పెద్దలు లెక్కలేసుకున్నారు. వేడిగాలి యంత్రాన్ని వేరే మందుకి ఇచ్చేశారు. మిగిలిన పొడిని, అప్పటిదాకా వాడుతున్న కొద్దిమందికీ పంచిపెట్టారు. తమ్ముడి వాటాకి పద్నాలుగు సీసాలు వచ్చాయి, నెలకొక సీసా చొప్పున. ఆ తర్వాత ఏమిటని ఎవరూ అడగలేదు. పద్నాలుగు నెలలంటే మాటలా అనుకున్నారు.

సీసాలు ఇంటికొచ్చిన రోజున కొలతలమ్మ మరదల్ని కూర్చోబెట్టి అన్నీ అప్పజెప్పింది. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టమంది. చెంచా తడి లేకుండా తుడవమంది, మూత గట్టిగా బిగించమంది. గుక్కెడు నీళ్ళలో కలిపి వెంటనే తాగించమంది. పొడి గడ్డకట్టినట్టు కనిపిస్తే ఆ క్షణమే తనకి కబురు చేయమంది.

"ఎలా ఉందో చూస్తూ ఉండు. ఏమరకు" అంది చివర్లో.

"నీ తమ్ముణ్ణి ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాగా వదినా. ఈ సీసాలొక లెక్కా" అంది మరదలు.

నాలుగు నెలలు బాగా గడిచాయి. ఐదో నెలలో దగ్గు మళ్ళీ మొదలైంది. ఆరో నెల వచ్చేసరికి అతను మాట మధ్యలో ఆగి ఊపిరి కూడదీసుకోవడం ఎక్కువైంది. డాక్టరు ఫొటోలు తీసి, జబ్బు ముదురుతోందనీ, మందు ఇంతకన్నా ఆపలేకపోతోందనీ చెప్పాడు. మరదలు నమ్మింది. కొలతలమ్మకి మాత్రం మనసు ఒప్పలేదు. కిందటి వారమే ఆఫీసులో దాచిన ఆ మందు నమూనాని కొలిచి చూసింది, అది చెక్కుచెదరలేదు. ఇన్నాళ్ళూ లొంగిన జబ్బు ఇప్పుడెందుకు ఎదురు తిరిగిందో తెలుసుకోవాలని, ఒక ఆదివారం పొద్దున్నే, చెప్పాపెట్టకుండా తమ్ముడింటికి వెళ్ళింది.

అతనింకా లేవలేదు. మరదలు వంటగదిలో ఉంది. ఫ్రిజ్ తెరిచి సీసా తీసి, తీసింది తీసినట్టే మూత తిప్పింది. గోధుమరంగు గాజు మీద అప్పటికే పల్చగా మంచు పట్టింది. తువ్వాలుతో పైన తుడిచి, చెంచాతో పొడి తీసి, మూత పెట్టేసింది.

మరదలు అక్కడితో ఆగలేదు. తెరవాల్సిన ఎనిమిది సీసాలూ వరసగా గట్టుమీద పెట్టి, ఒక్కొక్కదాని సీలు పట్టీ మడిచి, మూత తీసి, లోపలికి తొంగిచూసి మళ్ళీ బిగించింది. గోడకి వేలాడుతున్న చిన్న నోటుపుస్తకం తీసి ఆనాటి తేదీ కింద ఎనిమిదిసార్లు బాగుంది, బాగుంది అని రాసింది. అంతకు ముందు పేజీలన్నీ అలాగే ఉన్నాయి. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

"ముదురు రంగు సీసాలు కదా, బయటినుంచి కనబడి చావదు" అంది మరదలు, వదిన తన శ్రద్ధని మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ. "నువ్వు చూస్తూ ఉండమన్నావని తీసి మరీ చూస్తున్నా. ఎక్కడా గడ్డలేదు."

కొలతలమ్మ ఒక సీసాని తాకి చూసింది. ఇంకా చల్లగానే ఉంది.

చల్లటి సీసాని చల్లగా ఉండగా తెరిస్తే గది గాలిలో ఉన్న తేమంతా లోపలికి దిగి పొడిమీద వాలుతుంది. కంటికి కనబడనంత తేమ చాలు. నీళ్ళు చేరిన గాజు మెత్తబడుతుంది, ఏళ్ళు పట్టే తిరుగుడు రోజుల్లోకి వస్తుంది, అణువులు బారులు తీరతాయి. గడ్డ కట్టక్కర్లేదు. పొడి పొడిగానే ఉంటుంది, ఒంటికి పట్టే మందు మాత్రం అందులో ఉండదు.

ఇది పరిశోధనశాలలో ఊడ్చేవాడికి కూడా తెలుసు. అసలు తెలుసు అనడం కూడా తప్పు, అక్కడ అదొక అలవాటు. చల్లని గదిలోంచి సీసా తీసి బల్లమీద పెడితే టీకి వెళ్ళే వేళయిందని అర్థం. గంటసేపు కబుర్లు చెప్పుకుని వస్తే సీసా గది వేడికి వచ్చి ఉంటుంది, అప్పుడు మూత తీస్తారు. కొత్తగా చేరినవాళ్ళు ఇక్కడ పనికంటే టీ ఎక్కువని ఆశ్చర్యపోతారు. ఎవరూ కారణం చెప్పరు. ముప్పై ఏళ్ళ కిందట కొలతలమ్మకి కూడా ఎవరూ చెప్పలేదు, నలుగురితోపాటు లేచి వెళ్ళింది, అంతే. మరదలికి చెంచా తడి దగ్గర్నుంచి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పిన మనిషికి ఆ గంట ఒక జాగ్రత్తగా గుర్తుకే రాలేదు. అది ఆవిడ లెక్కలో పని కాదు, విశ్రాంతి.

ఒకసారి పరీక్ష చేయిస్తానని కొలతలమ్మ, వాడుతున్నదీ కలిపి తొమ్మిది సీసాలూ సంచిలో పెట్టుకుంది. ఇవ్వాళ్టి మోతాదు కలిపేశానుగా, రేపు పొద్దుటికల్లా తెచ్చిపెట్టు అంది మరదలు.

ఎక్స్‌రే గదిలో మనిషి ఆవిడకి పాతికేళ్ళుగా తెలుసు, ఆదివారమైనా పిలవగానే వచ్చాడు. పొడి మీదికి కిరణాలు పంపితే, గాజుకైతే తెర మీద ఒక నున్నటి దిబ్బ వస్తుంది. స్ఫటికాలకైతే రంపపు పళ్ళు వస్తాయి. మొదటి సీసాకి దిబ్బ మీద నిటారుగా పళ్ళు లేచాయి. రెండోదానికీ అంతే. ఐదోది చూసేసరికి అతను ఆవిడ వైపు తిరిగాడు. ఇది నీ తమ్ముడిదా అని అడిగాడు. ఆవిడ తలూపింది. ఆరోదాంట్లో కాస్త మేలు, సగం గాజు మిగిలింది, ఆ సగాన్నీ తేమ అప్పటికే పట్టుకుంది. మిగతా మూడూ మొదటివాటిలాగే ఉన్నాయి. ఆఫీసు వాళ్ళు దాచిన నమూనా పెడితే తెర మీద దిబ్బ నున్నగా, ఒక్క పన్ను లేకుండా వచ్చింది. అది చూశాక ఆవిడకి మందు మీదికి నెట్టేసే దారి కూడా మూసుకుపోయింది.

ఆవిడ ఊరుకోలేదు. మర్నాడు పొద్దున్న ఒక సీసాలోది కొంచెం తీసి చిన్న లోహపు పళ్ళెంలో కరిగించింది. కరిగిస్తే బారులు విడిపోతాయి, ఒక్కసారిగా చల్లబరిస్తే మళ్ళీ గాజు కావాలి. కరిగే వేడి దగ్గరే ఆ మందు మాడటం మొదలవుతుందని ఆవిడకి తెలుసు. ఇదే కారణంగా దాన్ని కరిగించకుండా గాలిలో చిమ్మేవాళ్ళు. తెలిసీ చేసింది. రెండు చల్లటి ఉక్కు పలకల మధ్య నొక్కితే గోరంత బిళ్ళ వచ్చింది. పారదర్శకంగానే ఉంది, తేనె రంగులో. చిన్న ముక్క విరిచి పరీక్షకి పంపితే నాలుగో వంతు వేరే ఏదో అయిపోయిందని, అది మనిషికి ఇవ్వకూడదని చెప్పారు. మిగిలిన బిళ్ళని బల్లమీదే ఉంచుకుంది. పదకొండింటికి దానికొక సన్నటి పగులు పడింది. భోజనాల వేళకి పగులు పొడవునా తెల్లటి గీత మొలిచింది. మూడింటికల్లా తెలుపు అంచులదాకా పాకి, బిళ్ళ సుద్దముక్కలా అయింది. ఆవిడ పని మానుకుని అది పాకడమే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం పెద్దసారు గదికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. చివరికి, దాచిన నమూనాలు పారేసే తేదీ ఎలాగూ దగ్గరపడింది, పారేసినట్టు రాసెయ్యండి అన్నాడు. ఎటు పారేస్తారని అడగలేదు. చిన్న సీసా అది. కొలిస్తే పన్నెండు రోజుల మోతాదు తేలింది.

ఆ పన్నెండు రోజుల సీసా తీసుకుని ఆవిడ నేరుగా తమ్ముడింటికి వెళ్ళింది. అతను ముందు గదిలో కునుకు తీస్తున్నాడు. వంటగదిలో మరదలికి, ఆ సీసాల్లో మందు దెబ్బతిందనీ, ఇదొక్కటే మిగిలిందనీ చెప్పింది. ఇది తీశాక గంటసేపు బయట ఉంచి అప్పుడు మూత తియ్యాలంది. దారి పొడవునా అనుకున్నది అంతవరకే చెప్పాలని. మందు గుణమే అంత, ఎప్పటికైనా ఇలాగే అయ్యేదని చెప్పి ఊరుకోవాలని.

మరదలు తెలివైంది. ఉల్లిపాయ తరుగుతున్న చెయ్యి ఆపి, సీసా అందుకుంది.

"మీ ఆఫీసులోది ఎందుకు పాడవలేదు?"

కొలతలమ్మ ఫ్రిజ్ తలుపు తెరిచి కింది అరలో చోటు చూసింది.

"నిన్నే వదినా. ఒకటే మందు, ఒకటే వయసు. అది బాగుండి ఇవెందుకు పాడయ్యాయి? ఇన్నాళ్ళూ లేని ఆ గంటేమిటి ఇప్పుడు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ చిన్న సీసాని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డ మనిషి మొహం చూస్తే, ఒక్కతే దాన్ని మోయడం తన వల్ల కాదనిపించింది. చెప్పేసింది. చల్లటి సీసా సంగతి, తేమ సంగతి, తను చెప్పడం మరిచిన గంట సంగతి, అన్నీ.

మరదలు విన్నది. స్టూలు మీద కూర్చుంది. గోడకున్న నోటుపుస్తకం వైపు చూసింది.

"అయితే చూసి చూసి నేనే పాడుచేశానన్నమాట."

"నీ తప్పేముంది? చెప్పాల్సింది నేను."

"చెప్పకపోవడం నీది వదినా. తీసింది నేను." సీసా గట్టు మీద పెట్టింది. "వారానికొకసారి. ఎనిమిదీ."

ఏడవలేదు. ఉల్లిపాయ తరగడం మళ్ళీ మొదలుపెట్టింది. ముక్కలు చిన్నవై, ఇంకా చిన్నవై ముద్దయ్యేదాకా తరిగింది. అతనికి ఇప్పుడే చెప్పొద్దని మాత్రం ఇద్దరూ అనుకున్నారు.

మంచి మందు పడేసరికి మూడోరోజుకే దగ్గు తగ్గింది. ఐదోరోజున అతను కూర్చుని కడుపునిండా తిన్నాడు. చూశావా, డాక్టర్లకి తలా తోకా తెలీదు, ఈ సీసా మాంచి పదునుగా ఉందని పెళ్ళాంతో అన్నాడు. ఆవిడ నవ్వినట్టు మొహం పెట్టి, వంటగదిలోకి వెళ్ళిపోయింది. అలా మొహం పెట్టడం రోజురోజుకీ ఆవిడకి కష్టమవుతోంది. ఎనిమిదోరోజున కొలతలమ్మ పనినుంచి వస్తుంటే వీధి మలుపులోనే మరదలు ఎదురొచ్చి, సినిమాహాలు వాళ్ళొచ్చి వెళ్ళారని చెప్పింది. నూట ఇరవై సీట్లకి కొత్త తొడుగులట, మూడు నెలల గడువట, ఈయన ఒప్పేసుకున్నాడట. ఇంకో ఇద్దరు పనివాళ్ళని పెట్టుకుంటానంటున్నాడట.

"నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది మరదలు. "నేనైతే చెప్పలేను. నా నోటితో ఆ మాట రాదు."

రెండు రోజులు వాయిదా వేసి, పదోరోజు పొద్దున కొలతలమ్మ వెళ్ళింది. ముందు గదిలో నేలంతా ఎర్రటి రెగ్జిను పరిచి ఉంది. తమ్ముడు మోకాళ్ళ మీద పాకుతూ సుద్దతో గీతలు గీస్తున్నాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకున్నాడు. జబ్బు రాకముందు ఎలా ఉండేవాడో అచ్చం అలాగే ఉన్నాడు.

"రా అక్కా. కొలతలున్న చోటికి నువ్వు రాకుండా ఉంటావా" అన్నాడు. "ఆ అంచు లాగి పట్టుకో."

ఆవిడ చెప్పులు విప్పి, అంచు లాగి పట్టుకుని, చెప్పడం మొదలుపెట్టింది. అతను గీత గీస్తూనే విన్నాడు. సీసాలు పాడైన సంగతి చెప్పినప్పుడు సుద్ద ఆగింది. ఆఫీసు సీసాలో ఇంక ఎన్ని రోజులకుందని అడిగాడు. ఇవ్వాళ్టిది కాక రెండని చెప్పింది. అతను లేచి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

తర్వాత అడిగాడు, ఎలా పాడైందని. ఆవిడ తన తప్పు ముందు చెప్పింది, తర్వాత మూతల సంగతి చెప్పింది.

"దానికి తెలుసా ఇది?" వంటగది వైపు కళ్ళతో చూపించాడు.

"తెలుసు. నేనే చెప్పాను."

"ఎందుకు చెప్పావక్కా?"

"అడిగిందిరా. ఆఫీసులోది ఎందుకు బాగుందని అడిగింది."

"అడిగితే మాత్రం? ఒక్క అబద్ధానికి ముప్పై ఏళ్ళ కొలతలు అడ్డొచ్చాయా?" గొంతు పెంచలేదు. లోపలికి వినబడకుండా ఇంకా తగ్గించాడు. "నేను పోతాను. నువ్వు మీ ఇంటికి పోతావు. అది ఇక్కడే ఉండాలి కదా. రోజూ ఆ ఫ్రిజ్ తలుపు తియ్యాలి కదా. నా జబ్బు నన్ను తీసుకుపోయిందనుకుంటే ఎలాగో బతికేది. ఇప్పుడెలా బతుకుతుంది?"

కొలతలమ్మకి అప్పుడు తెలిసింది, తను చేసిన రెండు తప్పుల్లో పెద్దది ఏదో. చెప్పాల్సినది చెప్పకపోవడం ఒకటి, చెప్పకూడనిది చెప్పడం ఒకటి. మొదటిది మరుపు. రెండోది మరుపు కాదు, బరువు దింపుకోవడం. దింపుకున్న బరువు వంటగదిలో ఉంది, గిన్నెల చప్పుడు కూడా చెయ్యకుండా.

"నాకేం తోచలేదురా" అంది.

"సరేలే."

అతను ఫోను తీసి సినిమాహాలు మేనేజరుకి చేశాడు. భుజం పట్టేసిందనీ, ఇంత పని ఇప్పుడు చెయ్యలేననీ చెప్పాడు. స్టేషను రోడ్డులో తన దగ్గర పని నేర్చుకున్నవాడు ఉన్నాడనీ, కుట్టు గట్టిగా ఉంటుందనీ, వాడికివ్వమనీ చెప్పాడు. అవతలివాళ్ళు ఏదో హాస్యమాడినట్టున్నారు, నవ్వాడు కూడా. పెట్టేశాక నేలమీది రెగ్జిను వైపు చూసి, గీతలు గీసిన ముక్క పక్కన పెట్టేస్తే మిగిలింది షాపువాడు వెనక్కి తీసుకుంటాడని అన్నాడు. అది ఒక్కడు చుట్టే పని కాదు, ముడతలు పడితే వాడు తీసుకోడు. ఆవిడ ఒక పక్క, అతనొక పక్క మోకాళ్ళ మీద కూర్చుని అట్టగొట్టానికి చుట్టుకుంటూ వచ్చారు. నీ వైపు వదులవుతోంది, బిగించు అని రెండుసార్లు చెప్పాడు. ఆవిడ బిగించింది.

వంటగది గుమ్మంలోకి మరదలు వచ్చి నిలబడింది. చేతిలో నీళ్ళు కలిపిన మందు గ్లాసు ఉంది. గంటసేపు బయట పెట్టే తీశానని ఎవరూ అడగకుండానే చెప్పింది. అతను గ్లాసు అందుకుని గడగడా తాగి, బాగా చేశావన్నాడు. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని అక్కడే ఉండిపోయింది, లోపలికి వెళ్ళే పని ఏమీ గుర్తురానట్టు.

అతను రెగ్జిను చుట్టకి తాడు రెండుపేటలు తిప్పి, ఒక్క ఊపిరిలో ముడి బిగించాడు. ఆయాసం రాలేదు. ఇంకో రెండు రోజులు రాదు.